గోళ్ళ సాక్ష్యం

సోఫాకి కొలతలు తీసేముందు పిల్లికి కొలతలు తీయడం సోఫాలక్క పద్ధతి. మొదటిసారి పిలిచినవాళ్ళు ఈవిడకి కాస్త తిక్క ఉందనుకుంటారు. రెండోసారి పిలిచినవాళ్ళు, ఆమె తలుపు కొట్టేసరికే పిల్లిని చంకనేసుకుని ఎదురొస్తారు.

అదేం బ్రహ్మవిద్య కాదు. పిల్లిని గోడకి ఎదురుగా నిలబెట్టి, ముందుకాళ్ళ కింద చేతులు పోనిచ్చి, వెనక కాళ్ళు నేలమీదే ఉండేలా నెమ్మదిగా పైకి సాగదీయాలి. పంజా ఎంత ఎత్తుకి అందుతుందో టేపు పెట్టి చూసుకోవాలి. ఆ ఎత్తు వరకు సోఫాకి గోనెలాంటి మొండి గుడ్డ. ఆ పైన ఇంటివాళ్ళు ముచ్చటపడి తెచ్చుకున్న గుడ్డ. "పిల్లికి అందనంత ఎత్తులో మీ షోకులన్నీ చేసుకోండి" అంటుంది ఆమె. పద్దెనిమిదేళ్ళుగా ఆమె కుట్టిన సోఫాల్లో పిల్లి గోళ్ళకి ఓడిపోయింది ఒక్కటీ లేదు. ఈ సంగతి ఆమె తనంతట తను ఎవరికీ చెప్పుకోదు. ఎవరైనా అడిగితే మాత్రం చెప్పకుండా వదలదు.

ఆ బుధవారం పొద్దున మేనేజరమ్మగారి వరండాలో మహారాణిని కొలిచారు. మహారాణి అంటే పిల్లే. తెల్లటిది, ఒళ్ళంతా వేలెడు పొడుగు జుట్టు, కుట్టు విడిపోయి దూది బయటికొచ్చిన దిండులా ఉంటుంది. దాన్ని మేనేజరమ్మే స్వయంగా పట్టుకుంది. బీమా కంపెనీలో నష్టపరిహారాలు తేల్చే విభాగానికి మేనేజరుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. నాలుగేళ్ళయినా గొంతు ఇంకా రిటైరవలేదు.

"ముప్ఫై రెండు" అంది సోఫాలక్క టేపు వంక చూసి.

"రాసుకో" అంది మేనేజరమ్మ, తనకి ప్రమోషనొచ్చినంత తృప్తిగా. "అంగుళాలేగా? సెంటీమీటర్లు కాదుగా?"

"అంగుళాలే మేడమ్. మంచి పొడగరి. ఇక రెండోదాన్ని తెస్తారా?"

మేనేజరమ్మ మహారాణిని కిందికి దింపి, గౌను మీద అంటుకున్న తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరి పారేసింది.

"రెండోదాన్ని కొలవక్కర్లేదు. శనివారం సాయంత్రం గోడౌను వాళ్ళొచ్చి తీసుకుపోతారు. ఎలుకలు పడుతుందని అడిగారు. ఈ సోఫాకి ఈ గతి పట్టించింది అదేగా. కొత్త గుడ్డ వేయించాక కూడా దాన్ని ఇంట్లో ఉంచుకుంటే, ఇల్లు తగలబెట్టినవాడికే మళ్ళీ అగ్గిపెట్టె ఇచ్చినట్టు."

హాలు మధ్యలో సామాన్లు జరపగా ఒంటరిగా మిగిలిన సోఫా వంక చూసింది సోఫాలక్క. దాన్ని గోడకి ఆనించకుండా, భోజనాల బల్లకీ కూర్చునే చోటుకీ మధ్య అడ్డుగోడలా వేసుకున్నారు వీళ్ళు. ముందువైపు బాగానే ఉంది. వెనకవైపు గుడ్డ మాత్రం పీలికలు పీలికలుగా, పెళ్ళివాళ్ళు వదిలేసి వెళ్ళిన తోరణంలా వేలాడుతోంది. ఆ పీలికల కింద, కిటికీలోంచి నేలమీద పడ్డ ఎండలో, నల్లటి పిల్లి ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది. చిన్నది. నలుపంటే మామూలు నలుపు కాదు. వీధిలో రోడ్డేస్తున్నప్పుడు తారు పీపా పక్కన దొరికిందని తారు అని పిలుస్తారు.

"చూశావా, ఇప్పుడు కూడా అక్కడే ఉంది" అంది మేనేజరమ్మ. "చిరిగిన ప్రతిసారీ ఆ చిరుగు దగ్గర దొరికింది ఇదే."

సోఫాలక్క అప్పటికే నోట్లో మేకులు పెట్టేసుకుంది. చిన్న మేకులు పెదవుల మధ్య గుప్పెడు పట్టుకుని, నాలుకతో ఒక్కొక్కటే ముందుకు తోసి, అయస్కాంతమున్న సుత్తి మొనకి అందించుకోవడం ఆమె పనివాటం. దాంతో ఆమె ముందు అందరూ నోరు జారతారు. తిరిగి మాట్లాడదన్న ధైర్యం వాళ్ళది.

ఇద్దరు కూలీలు సోఫాని వరండాలోకి మోసి వెళ్ళిపోయాక, పాత మేకులు లేపడం మొదలుపెట్టింది. ఉలి మొన మేకు తల కిందికి దూర్చి, చెక్క నలగకుండా ఓ చిన్న దెబ్బ. మేకు లేచి గిన్నెలో పడుతుంది. ఓ గంటకి వెనక గుడ్డ మొత్తం ఊడి ఒళ్ళోకి వచ్చింది. దాన్ని దులిపి నేలమీద పరిచి, చేత్తో సాపుచేసింది. కొత్త గుడ్డ కత్తిరించడానికి పాతదే అచ్చు.

అప్పుడొచ్చారు మేనేజరమ్మ భర్త. ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో తారు. రెండూ తొణక్కుండా జాగ్రత్తగా తెచ్చారు.

"ఏమ్మా, దీన్ని కూడా ఒక్కసారి కొలుస్తావా?"

"వద్దన్నారుగా మేడమ్."

"ఊరికేనమ్మా. జ్ఞాపకంగా ఉంటుందని" అన్నారాయన. గడప వంక చూసి గొంతు తగ్గించారు. "ఈ ఇంట్లో నా మాటకి విలువ మహారాణి తర్వాత, తారుకి ముందు. శనివారం నుంచి ఆ ముందు కూడా ఉండదు."

ఆమె నవ్వాపుకుని టేపు తీసింది. తారు ఒళ్ళు సాగదీయనిచ్చింది కానీ, ఎంత సాగదీసినా పెద్దగా పెరగలేదు. వెనక కాళ్ళ వేళ్ళమీద నిలబడి, ముందుకాళ్ళు రెండూ చాచి, మ్యావ్ అని ఒక ఫిర్యాదు చేసింది.

"ఇరవై ఐదు."

"అంతేనా పాపం" అన్నారాయన, తన ఎత్తే ఎవరో తక్కువ చేసినట్టు.

ఆయన వెళ్ళాక ఆమె టీ తాగుతూ నేలమీద పరిచిన గుడ్డనే చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా కప్పు పక్కన పెట్టేసింది. టేపు మళ్ళీ తీసి, గుడ్డ కింది అంచు నుంచి పైకి పట్టింది. సోఫా కాళ్ళ ఎత్తు కలిపింది. ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచింది.

ఊళ్ళో సగం పిల్లుల చేతిరాత ఆమెకి తెలుసు. కొన్ని పడుకుని అడ్డంగా గీకుతాయి. కొన్ని మూలలు పట్టుకుని కొరికినట్టు లాగుతాయి. ఇక్కడున్నవి నిలబడి, ఒళ్ళంతా విరుచుకుని, తీరిగ్గా పైనుంచి కిందికి లాగిన బారు గీతలు. అన్నీ ఒకే ఎత్తులో మొదలయ్యాయి. ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు.

ఇరవై ఐదు అంగుళాల పిల్లి ముప్ఫై ఒకటిన్నర దగ్గర గీత మొదలుపెట్టాలంటే ఇటుక మీద నిలబడాలి.

గురువారం పొద్దున సోఫాలక్క మేకులు నోట్లో పెట్టుకోకముందే మేనేజరమ్మని వెతుక్కుంటూ లోపలికి వెళ్ళింది. ఆవిడ మహారాణికి దువ్వెనతో జుట్టు చిక్కులు తీస్తోంది. మహారాణి కళ్ళు మూసుకుని సేవలందుకుంటోంది.

"మేడమ్, ఒక మాట. ఆ చింపింది తారు కాదేమో."

దువ్వెన ఆగింది. "మరెవరు? మా ఆయనా?"

"గీతలు బాగా ఎత్తులో ఉన్నాయండీ. తారు చెయ్యి అంత ఎత్తుకి అందదు. అందేది..." ఆమె మహారాణి వంక చూసింది.

మేనేజరమ్మ కూడా మహారాణి వంక చూసింది. తర్వాత ఆమె వంక చూసింది. ఆ చూపు ముందు ఒకప్పుడు ఎంతమంది చేతులు నలుపుకుని ఉంటారో సోఫాలక్కకి అర్థమైంది.

"మహారాణి నా ఒళ్ళో పెరిగింది. గోరు కత్తిరించేది నేను, పళ్ళు చూసేది నేను. దానికి గోకే అలవాటే లేదు."

"మీరు పొద్దున్నా సాయంత్రం నడకకి వెళ్తారు కదండీ..."

"తారు వీధిలోంచి వచ్చింది. దాని బుద్ధులు దానికుంటాయి. నువ్వు ఎవర్నడిగినా చెబుతారు."

"ఎవర్నో అడగడమెందుకండీ, గుడ్డ మీదే..."

"చూడమ్మా" అంది మేనేజరమ్మ. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. "నిన్ను పిలిచింది సోఫా కుట్టడానికి. పిల్లుల పెంపకం నేర్పడానికి కాదు."

సోఫాలక్క వరండాలోకి వచ్చేసింది. ఆ రోజంతా సోఫా అడుగున పట్టీలు బిగించింది. పట్టీ చివర మడిచి మేకు కొట్టి, ఇంకో చివర చెక్కముక్కతో మెలిపెట్టి లాగి, తీగలా మోగేదాకా బిగించి, అప్పుడు మేకులు. ఒక పట్టీ వదులైతే కూర్చున్నవాడు ఓ పక్కకి ఒరిగిపోతాడు. వాడికి కారణం తెలియదు, నడుం నొప్పి మాత్రం తెలుస్తుంది. కనబడని చోట కూడా అబద్ధం కొట్టకూడదని నేర్పింది ఆమెకి ఈ పనే. ఆ మధ్యాహ్నం ఒక పట్టీ మూడుసార్లు విప్పి మళ్ళీ కొట్టింది. పట్టీ తప్పేమీ లేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆమె అత్తగారు దారపు ముక్కలన్నీ ముడులేసి ఉండ చుడుతోంది. కుట్టు బల్ల మీద గుమస్తా కొలతల పుస్తకం మీదెక్కి కూర్చుని ఉన్నాడు. గుమస్తా సోఫాలక్క పిల్లి. బూడిద రంగు, ఒక చెవి చిరుగు. ఏ పుస్తకం తెరిచినా దాని మీద కూర్చుని కళ్ళు మూసుకుంటాడు కాబట్టి ఆ పేరు.

"ఏమే, మొహం అలా పెట్టుకున్నావు? వేలికి సుత్తి తగిలిందా?"

"వేలికి కాదు అత్తయ్యా" అని జరిగింది చెప్పింది.

అత్తగారు అంతా విని, దారం కొరికి, తాపీగా అంది. "అయితే ఇప్పుడు ఆ నల్లపిల్లి ఎలుకల మందు చల్లిన గోడౌనులో పడి బతకాలన్నమాట. తెల్లది కుర్చీలో."

"అంతే."

"నువ్వు చెప్పావు. ఆవిడ వినలేదు. నీ బాధ్యత తీరిపోయింది. ఇంకేం?"

"అంతేనంటారా?"

"అంతే అనుకుంటే నన్నెందుకు అడుగుతున్నావు?" అత్తగారు ఉండని పక్కన పెట్టింది. "నాకు పిల్లులంటే పడదని నీకు తెలుసు. ఈ గుమస్తాగాడు పొద్దున నా కళ్ళజోడు తోసి పడేశాడు. అయినా వాడు చెయ్యని తప్పు వాడి నెత్తినేస్తే ఊరుకుంటానా? చేసిన తప్పులకే తిట్టడానికి టైము చాలడం లేదు నాకు."

"ఆవిడ పెద్ద ఉద్యోగం చేసిన మనిషి అత్తయ్యా. ఊళ్ళో పిల్లులున్న ఇళ్ళన్నీ ఆవిడ మాట మీదే నన్ను పిలుస్తాయి."

"అవునా? మరి మొన్న డాక్టరమ్మగారింట్లో మంచం తలవైపు చెక్కకి వేసిన గుడ్డ ముట్టుకోగానే, ఇది నీ పనేనని చెప్పానే నేను. ఆ పనితనం ఎవరి మాట మీద వచ్చింది నీకు?"

సోఫాలక్క గుమస్తాని పక్కకి జరిపి పుస్తకం తెరిచింది. మహారాణి, ముప్ఫై రెండు. తారు, ఇరవై ఐదు. తన రాత తనకే ముచ్చటేసింది. అంకెలు ఎప్పుడూ గుండ్రంగా, గట్టిగా రాస్తుంది ఆమె.

శుక్రవారం మేనేజరమ్మ భర్త వెదురు బుట్ట ఒకటి కొనుక్కొచ్చారు. మూత ఉంది, గాలికి కంతలున్నాయి. అందులో తన పాత స్వెట్టరు మడిచి పెట్టి, తీసి, వేరేలా మడిచి, మళ్ళీ పెట్టారు. వరండాలో ఓ మూల కూర్చుని ఇలా ఐదారుసార్లు చేశారు.

సోఫాలక్క స్పాంజి మీద దూది సమంగా పరుస్తోంది. కాసేపు ఓపిక పట్టి, నోట్లో మేకులు తీసేసింది.

"సార్, ఇటు రండి. ఇది చూడండి."

పాత గుడ్డ పరిచి, టేపు పెట్టి చూపించింది. ఆయనకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. వంగి, వేలు గీత మీద పెట్టి, పైదాకా తీసుకెళ్ళి, అక్కడే ఆపేశారు.

"మహారాణి" అన్నారు మెల్లగా.

"మీరు చెప్పండి సార్ మేడంకి."

"నేను చెబితే అయిపోయినట్టే. తారుని తెచ్చింది నేను. పక్షపాతం అంటుంది. అనడమేంటి, నిజమే కదా, నాకు పక్షపాతమే." ఆయన బుట్ట వంక చూశారు. "ఒకటి చెప్పనా అమ్మా? ఆఫీసులో మా ఆవిడ ఎవడు నోటితో ఏం చెప్పినా నమ్మేది కాదు. ఏడ్చినా నమ్మేది కాదు, ఒట్టేసినా నమ్మేది కాదు. నష్టం జరిగిన చోటు చూపించు అనేది. ఒకసారి మోకాలి లోతు నీళ్ళలో దిగి, మునిగిన మరపడవ అడుగున బొక్క తడిమి చూసొచ్చింది. జలుబు చేసి వారం మంచం మీద. పోతేపోనీ, ఆ పడవవాడికి న్యాయం జరిగింది అనేది తుమ్ముతూ."

చెబుతూ చెబుతూ ఆయన నడుము కాస్త నిటారుగా అయింది. భార్య గురించి మాట్లాడుతున్నప్పుడు మనిషికి ఎక్కడో గర్వం తన్నుకొస్తోంది, పిల్లి పోతున్న దుఃఖంలో కూడా.

"అప్పటి మేడమ్ ఎక్కడికి పోయారండీ మరి?" అని అడిగింది సోఫాలక్క.

"లోపలే ఉంది. మహారాణి కనబడితే కాస్త పక్కకి తప్పుకుంటుంది, అంతే."

ఆయన వెళ్ళాక ఆమె సుద్దముక్క తీసింది. పాత గుడ్డ మీద నేల గీత ఒకటి గీసింది. ఇరవై ఐదు దగ్గర అడ్డంగా ఒక గీత, ముప్ఫై రెండు దగ్గర ఒకటి. గోటి గీతలు మొదలైన ప్రతిచోటా చిన్న సున్నా. పదిహేడు సున్నాలొచ్చాయి. పదిహేడూ పై గీతకి దగ్గరగానే ఉన్నాయి. కింది గీత దగ్గరికి ఒక్కటైనా దిగలేదు. గుడ్డని వరండా స్తంభాల మధ్య తాడు మీద వేసి, కింది అంచు సరిగ్గా సోఫాకి ఉన్నంత ఎత్తులో ఉండేలా సరిచేసి, క్లిప్పులు పెట్టింది. పేర్లు మాత్రం రాయలేదు.

శనివారం మూడింటికి పిల్లుల సభ. సభంటే ఏం లేదు, వారానికోసారి మేనేజరమ్మ హాల్లో పిల్లుల్ని పెంచే నలుగురూ చేరి టీ తాగుతూ ఎవరి పిల్లి ఆ వారం ఏం ఘనకార్యం చేసిందో చెప్పుకోవడం. పిల్లలు డాక్టర్లయినవాళ్ళు కూడా ఇంత గొప్పగా చెప్పుకోరు. సోఫాలక్క వరండాలో కొత్త వెనక గుడ్డ అంచులు మడుస్తూ కూర్చుంది. కిటికీ తెరిచే ఉంది. అన్నీ వినబడుతున్నాయి.

లారీ డ్రైవరు అందరికంటే ముందు మొదలుపెట్టాడు. ఆయన పిల్లి పేరు క్లీనరు, లారీలోనే తిరుగుతుంది. "మొన్న చెక్‌పోస్టు దగ్గర ఆపారు. కాగితాలు తియ్యమన్నారు. తీద్దామని చూద్దును కదా, క్లీనరు వాటి మీద పడుకున్నాడు. లేవడు. ఆ ఇన్‌స్పెక్టరు ఐదు నిమిషాలు చూసి, వీణ్ణి లేపొద్దులే, పో అన్నాడు."

"అబద్ధం" అన్నాడు మందుల షాపాయన.

"కాగితాల మీద వాడి వెంట్రుకలున్నాయి, చూపించనా?"

నవ్వులు. తర్వాత సంగీతం టీచరు. ఆవిడ పిల్లి పై స్వరాలు పాడినప్పుడు గది విడిచి వెళ్ళిపోతుందనీ, కింది స్వరాలకి తిరిగొస్తుందనీ చెప్పింది. మందుల షాపాయన, మా దానికి కూడా సంగీతం వచ్చు, మీరు ఫోన్ చేసినప్పుడల్లా మంచం కింద దూరుతుంది అన్నాడు. మళ్ళీ నవ్వులు.

వరండా మూల బుట్ట దగ్గర మేనేజరమ్మ భర్త తారుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఐదింటికి గోడౌను వాళ్ళొస్తారు. ఆయన మూత తీసి సిద్ధంగా పెట్టారు, తారు మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు.

"ఇవాళ నాది సంతోషంగా చెప్పే కథ కాదు" అని లోపల మేనేజరమ్మ గొంతు వినబడింది. "మీ అందరికీ తారు తెలుసు కదా. వీధి పిల్లిని తెచ్చి ఎంత ముద్దు చేసినా..."

సోఫాలక్క సూది గుడ్డలో గుచ్చేసి లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. హాలు గుమ్మంలో నిలబడేసరికి నలుగురూ తల తిప్పారు. ఆమె ఒంటి మీద దూది, మెళ్ళో టేపు.

"ఏమ్మా, దారం అయిపోయిందా?" అంది మేనేజరమ్మ.

"లేదు మేడమ్. మీరొకసారి బయటికి రావాలి. నష్టం జరిగిన చోటు చూడాలి."

మేనేజరమ్మ చేతిలో కప్పు సాసరు మీద సగం దూరంలో నిలబడింది. ఆవిడ ముఖంలోకి ఎర్రదనం రావడం అందరూ చూశారు. సోఫాలక్క కూడా చూసింది. ఇక ఈ ఊళ్ళో మంచాలు, కుర్చీలే కుట్టుకోవాలేమో అనుకుంది. అయినా గుమ్మంలోంచి తప్పుకోలేదు.

"ఎవరు పరిశీలించారు?" అని అడిగింది మేనేజరమ్మ చివరికి.

"నేనే మేడమ్. మీరు మళ్ళీ కొలుచుకోండి. నా కొలత నమ్మొద్దు."

ఆ ఆఖరి మాటతోనే ఏదో జరిగింది. మేనేజరమ్మ కప్పు కింద పెట్టి, "నా కళ్ళజోడు ఎక్కడ?" అంది. దగ్గరి చూపుదా, దూరందా అని ఎవరో అడగబోయేలోగా ఆమె భర్త దగ్గరి చూపుది తెచ్చి చేతికిచ్చారు.

వరండాలో తాడు మీది గుడ్డ ముందు ఆవిడ చాలాసేపు నిలబడింది. మిగతావాళ్ళు వెనకాల గుంపుగా నిలబడ్డారు. ఆవిడ ముందు గుడ్డ పట్టుకుని, తిప్పి, రెండోవైపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచింది.

"సోఫా కాళ్ళు?"

"ఐదంగుళాలు. కలిపే వేలాడదీశాను మేడమ్."

ఆవిడ వెళ్ళి సోఫా కాళ్ళు స్వయంగా కొలిచొచ్చింది. ఐదే.

"సీటు మీదెక్కి గీకి ఉండొచ్చుగా?"

"ఇది వెనకవైపుది. అటువైపు ఎక్కడానికేం లేదండీ, నున్నటి నేల."

"కుర్చీ? భోజనాల బల్ల కుర్చీ?"

"కుర్చీ మీద నిలబడితే గీతలు ఇంకా పైన మొదలవ్వాలి. పైన గుడ్డ కొత్తదానిలా ఉంది, చూడండి."

"ఎగిరి పట్టుకుంటే?"

"ఎగిరి పట్టుకుంటే చుక్కల్లా బొక్కలు పడతాయి. ఒంటి బరువుకి గుడ్డ ఒకేచోట చీరుతుంది. ఇవి అలా కావు. నిలబడి, ఒళ్ళు విరుచుకుని లాగినవి. పదిహేడు చోట్ల."

మేనేజరమ్మ పదిహేడూ లెక్కపెట్టింది. లారీ డ్రైవరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపేసింది.

"తారుని తీసుకురండి."

ఆమె భర్త తారుని అందించారు. తారు ఇంటికొచ్చిన రెండేళ్ళలో ఆవిడ దాన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారని తారు బిగుసుకుపోయిన తీరే చెప్పింది. ఆవిడ దాన్ని గోడకి నిలబెట్టి, మూడు రోజుల కింద మహారాణిని పట్టుకున్నట్టే నెమ్మదిగా సాగదీసింది. సంగీతం టీచరు టేపు పట్టింది.

"ఇరవై ఐదుంబావు."

"ఇంకా సాగుతుందేమో చూడండి" అంది మేనేజరమ్మ. సాగదీసింది. తారు మ్యావ్ అంది. ఇరవై ఐదుంబావే.

"రాసుకోండి. ఇప్పుడు మహారాణి."

ముప్ఫై రెండు. మహారాణి వదిలేయగానే కింద కూర్చుని కాలు చాచి నాక్కోవడం మొదలుపెట్టింది. తన గురించే ఇంత గొడవ జరుగుతోందని దానికి తెలిసినట్టే ఉంది, పట్టింపు మాత్రం లేదు.

మందుల షాపాయన తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. మేనేజరమ్మ కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ముఖంలో ఎర్రదనం పోయింది. వీపు నిటారైంది. నాలుగేళ్ళుగా ఎవరూ ఆవిణ్ణి అలా చూడలేదు. ఆమె భర్త మాత్రం గుర్తుపట్టారు.

"ముప్ఫయ్యొక్క ఏళ్ళలో చోటు చూడకుండా నేను ఒక్క సంతకం పెట్టలేదు" అంది ఆవిడ అందరికీ వినబడేలా. "ఇంట్లో పెట్టబోయాను."

ఫోన్ తీసి గోడౌనుకి చేసింది. "మీరు రానక్కర్లేదు. మీ దరఖాస్తు తిరస్కరించాం... పిల్లి నిర్దోషి అని తేలింది... ఏంటి? ఎలుకల సంగతి నాకెందుకయ్యా? ఎలుకలకి నేను బీమా చేశానా?"

పెట్టేసింది. ఆమె భర్త బుట్టలోంచి స్వెట్టరు తీసి వేసేసుకున్నారు. మధ్యాహ్నం మూడున్నర ఎండలో ఆయనకి చెమటలు కారుతున్నాయి, అయినా విప్పలేదు.

మేనేజరమ్మ మహారాణి వంక చూసింది. తిడుతుందని అందరూ ఎదురుచూశారు.

"ముప్ఫై రెండంగుళాలు" అంది. "ఊళ్ళో ఇంత ఎత్తుకి అందే పిల్లి ఇంకోటి ఉందేమో చూపించండి."

"మా క్లీనరు ముప్ఫై నాలుగు ఉంటాడు" అన్నాడు డ్రైవరు వెంటనే.

"కొలవకుండా చెప్పొద్దు."

"మా దాన్ని కూడా తీసుకొస్తాను" అన్నాడు మందుల షాపాయన. "మా సోఫా కూడా ఓసారి చూడమ్మా. ఇన్నాళ్ళూ మా చిన్నదే అనుకుంటున్నాం. పాపం దాన్ని ఎన్నిసార్లు బయటికి గెంటామో."

మాటలు ఒక్కసారిగా పెరిగాయి. ఎవరి సోఫాకి ఏ పక్క చిరిగింది, ఏ పిల్లి ఏ చేత్తో ముందు గీకుతుంది అని అందరూ సోఫాలక్కనే అడుగుతున్నారు. ఆమె ఒక్కొక్కరికే చెబుతోంది. టీచరుగారింట్లో పిల్లి ఎడమచేతి వాటమని టీచరుగారికే తెలియదు. కుర్చీ వీపు గుడ్డ ఎడమవైపే ఎందుకు చిరిగిందో చెప్పేసరికి ఆవిడ నోరు తెరిచేసింది.

"లోపలికి రా" అంది మేనేజరమ్మ. "వచ్చి కూర్చో. ఈ వారం కథ నువ్వు చెప్పు. నీకూ ఒక పిల్లి ఉందటగా?"

సోఫాలక్క లోపలి కుర్చీల వంక చూసింది. తర్వాత వెనక చెక్కలు బయటికి కనబడుతూ, దూది పరుచుకుని, గుడ్డకోసం ఎదురుచూస్తున్న సోఫా వంక చూసింది.

"ఉన్నాడండీ. చెప్పాలంటే చాలా ఉంది. కానీ ఈ గుడ్డ ఇవాళ బిగించకపోతే దూదికి రాత్రి చెమ్మ పడుతుంది. పని వదిలి రాలేను మేడమ్."

మేనేజరమ్మ వెనక్కి తిరిగింది.

"కుర్చీలు బయట వేయండి" అంది భర్తతో. తర్వాత ఆయన చేతుల్లోంచి ఒక కుర్చీ తనే లాక్కుని తెచ్చింది. డ్రైవరు రెండు కుర్చీలు ఒక్కసారే ఎత్తుకొచ్చాడు. టీ కప్పులు, బిస్కెట్ల పళ్ళెం, మహారాణి, తారు, అన్నీ వరండాలోకి వచ్చేశాయి. సోఫా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

మేనేజరమ్మ కూర్చోలేదు. "ఆ చివర ఎవరైనా పట్టుకోవాలా?"

"పట్టుకుంటే మంచిదే. ఒక్కదాన్నే అయితే మోకాలితో నొక్కుకోవాలి."

ఆవిడ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, గుడ్డ అంచు రెండు చేతులా పట్టుకుంది. "ఇలాగేనా?"

"ఇంకా కిందికి. మీ వైపు లాగండి. ఇంకా."

"ఇంతకంటేనా?"

"దానికేం కాదు మేడమ్, గట్టి గుడ్డ. మీరు భయపడకుండా లాగండి. వదిలారంటే ముడత పడుతుంది, అది నా పేరు మీద పడుతుంది."

మేనేజరమ్మ పాదం సోఫా కాలికి ఆనించి, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగింది. గుడ్డ బిర్రుగా నిలబడింది. సోఫాలక్క వంకర సూదిలో దారం ఎక్కించి, మొదటి కుట్టు వేసి, గుమస్తా ఈ ఊరికి ఎలా వచ్చాడో చెప్పడం మొదలుపెట్టింది.